బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి డేటాబేస్ కొనాలా?
చిన్న దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి అమ్మడానికి ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్) కొనాలా, ఉచితంగా దొరికేది చాలదా అని అడిగారు. ఇప్పుడే కొనక్కర్లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉచితం, కస్టమర్ దగ్గర కూడా నడుపుకోవచ్చు. కాకపోతే ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాటకూడదు. వేళకి బ్యాకప్ తీసే ఏజెంట్ ఉండదు, ఆ పని విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో చేయించుకోవాలి. కిరాణా బిల్లులతో 10 జీబీ నిండాలంటే ఏళ్లు పడుతుంది (స్కాన్ చేసిన ఫొటోలు కూడా అందులోనే కుక్కితే తప్ప).

చాలామంది బోల్తా పడేది డెవలపర్ ఎడిషన్ దగ్గర. అదీ ఉచితమే, డబ్బు పెట్టి కొనే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ సౌకర్యాలన్నీ ఉంటాయి. కానీ సాఫ్ట్‌వేర్ తయారీకి, టెస్టింగ్‌కే వాడాలి; కస్టమర్ దగ్గర పెడితే లైసెన్సు ఉల్లంఘనే.

కొత్తగా మొదలుపెట్టేటప్పుడు నేనైతే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఇంకో ఉచిత డేటాబేస్ తీసుకుంటా. లైసెన్సు ఖర్చు లేదు, ఎడిషన్ల గొడవా లేదు.