పాత లాంచీ డీజిల్ ఇంజిన్‌కు అడిటివ్ (డీజిల్‌లో కలిపే మందు) తప్పనిసరా?

తప్పనిసరి కాదు, ట్యాంకులో నీళ్లు చేరకుండా చూసుకోవడమే పాత ఇంజిన్‌కు అసలు రక్షణ.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 (వాహనాల పొగ కాలుష్యంపై దేశ ప్రమాణం) డీజిల్ వచ్చాక అందులోని సల్ఫర్ పరిమితి 50 నుంచి 10 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 10 భాగాలకు) తగ్గింది. 'ఇక ఇంజిన్‌లోని ఇంధన పంపు అరిగిపోతుంది' అనే టెన్షన్ అప్పటిదే. సల్ఫర్ తీసే శుద్ధిలో పంపు అరగకుండా కాపాడే డీజిల్ జారుడు గుణం తగ్గే మాట నిజమే, కానీ ఆ లోటును అమ్మకానికి రాకముందే మందు కలిపి సరిచేస్తారు.

నాగార్జునసాగర్‌లో ఒక లాంచీ సగం ట్యాంకుతో నెలల తరబడి ఒడ్డున ఆగిందనుకోండి. ఖాళీ భాగంలోని గాలి తేమ రాత్రి చల్లబడి చుక్కలై అడుగుకు దిగుతుంది. నీళ్లూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఫిల్టర్ విప్పితే నల్లటి జిగురు వేలికి అంటుకుంటుంది. ఇక్కడ మాత్రం సూక్ష్మజీవులను చంపే బయోసైడ్ అడిటివ్ నిజంగా పనికొస్తుంది. అయితే ముందు అడుగునున్న నీళ్లు వదిలేయాలి, చచ్చిన జిగురు మళ్లీ ఫిల్టర్‌కు అడ్డుపడుతుంది కాబట్టి ఫిల్టర్ కూడా మార్చాలి.

చాలామంది పొరబడేది ఒకటుంది: అడిటివ్ పోస్తే అరిగిన ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) బాగవుతుందని. అరిగిన లోహం తిరిగి రాదు. కిరోసిన్ అసలే కలపకండి, అది పంపును ఇంకా అరగదీస్తుంది.