ఆమె చేసింది జాలితో కాదమ్మా

ప్రశ్న: నాకు ఇద్దరు పిల్లలు. బాబుకు నాలుగేళ్ళు, పాపకు ఏడాదిన్నర. పోయిన వారం ఇద్దరినీ తీసుకుని సరుకులకు వెళ్ళాను. బిల్లు వేయించుకునే వేళకు పాప ట్రాలీలోంచి దిగుతానని ఒకటే ఏడుపు. దించితే నేలమీద పడి దొర్లింది. వెనక వరుసలో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. కంగారులో పర్సు జారి చిల్లర చెల్లాచెదురైంది. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి లేచి వచ్చి చిల్లర ఏరి ఇచ్చింది. వెనకవాళ్ళను పక్క కౌంటర్‌కు వెళ్ళమంది. పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక డబ్బా చేతికిచ్చి, "ఇది నాకు అందిస్తావా?" అని అడిగింది. పాప ఏడుపు ఆపి అందించింది. తరువాత ఒక్కొక్కటే అందిస్తూ పోయింది. బాబు చేత స్కానర్ కూడా నొక్కించింది. ఇంకొకతను సంచులు బయటిదాకా తెచ్చిపెట్టాడు. నేను సరిగా థాంక్స్ కూడా చెప్పలేదు. ఇంటికి వచ్చి గది తలుపు వేసుకుని చాలాసేపు ఏడ్చాను. మావారు "అది వాళ్ళ ఉద్యోగం, దానికి ఏడవడం ఎందుకు?" అన్నారు. అత్తగారేమో "పిల్లలను అదుపులో పెట్టుకోలేకపోతే ఇలాగే పరాయివాళ్ళు సముదాయించాల్సి వస్తుంది" అన్నారు. ఆ అమ్మాయి నన్ను చూసి జాలిపడిందేమో. ఆ షాపుకు మళ్ళీ వెళ్ళాలంటే ముఖం చెల్లడం లేదు. నేను అసమర్థురాలినా?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాప ఏడుపు గురించి వివరంగా రాశారు. తలుపు వేసుకుని మీరు ఏడ్చిన ఏడుపుకు మాత్రం ఒక్క వాక్యమే కేటాయించారు. నేను ముందు ఆ వాక్యం దగ్గర ఆగుతాను.

అవమానం జరిగినప్పుడు వచ్చే ఏడుపులో కోపం ఉంటుంది. ఎవరో అన్న మాట చెవిలో మోగుతూనే ఉంటుంది. షాపులో జరిగినదాని గురించి మీరు రాసిన దాంట్లో ఆ కోపం ఎక్కడా కనిపించలేదు. ఆమె ఎలా కూర్చుందో, పాప చేతికి ఏమిచ్చిందో, ఏమని అడిగిందో అన్నీ పూసగుచ్చినట్టు రాశారు. ఆ క్షణాన్ని మీరు ఎంతో అపురూపంగా దాచుకున్నారమ్మా. మీరు అడగకుండానే ఒక మనిషి వచ్చి మీ బరువులో కొంత అందుకుంది. అలా జరిగి ఎన్నాళ్ళయిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. రోజుల తరబడి పంటిబిగువున నెట్టుకొస్తున్న మనిషిని ఎవరైనా కాస్త ఆప్యాయంగా పలకరిస్తే చాలు, కట్ట తెగిపోతుంది. మీకు జరిగింది అదేనని నా నమ్మకం.

అసమర్థురాలినా అని అడిగారు. కాదు. ఫ్లోరెన్స్ గుడినఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తల్లులు రోజువారీగా రాసిపెట్టిన వివరాల ఆధారంగా పిల్లల కోపతాపాలను పరిశీలించి 1931లో ప్రచురించారు. ఇలాంటి పేచీలు రెండో ఏట అన్నిటికన్నా ఎక్కువగా ఉంటాయని, భోజనవేళ దగ్గరపడే కొద్దీ పెరుగుతాయని అందులో తేలింది. మీ పాప ఇప్పుడు సరిగ్గా ఆ వయసులోనే ఉంది. మనసును అదుపులో పెట్టుకోవడానికి తోడ్పడే మెదడు ముందుభాగం పూర్తిగా పక్వమయ్యేది ఇరవై ఏళ్ళు దాటాకే. అటువంటి పసిదాన్ని వెలుగులు, చప్పుళ్ళు, చేతికందే ఎత్తులో రంగురంగుల వస్తువులు ఉన్నచోటికి తీసుకువెళ్ళి, దేన్నీ ముట్టుకోకుండా గంటసేపు కదలకుండా కూర్చోమంటాం. ఏడవక ఏం చేస్తుంది? ఆ రోజు మీరు ఏ వేళకు వెళ్ళారో, పాప అప్పటికి నిద్రపోయి లేచిందో లేదో చూసుకోండి. మీ పెంపకం మీద తీర్పు చెప్పుకునే ముందు గడియారం చూడడం మంచిది.

ఇక వరుసలో నిలబడి చూసినవాళ్ళ సంగతి. 2000వ సంవత్సరంలో థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. వేసుకోవడానికే సిగ్గనిపించే చొక్కా ఒకటి విద్యార్థులకు తొడిగి, నలుగురూ ఉన్న గదిలోకి పంపించారు. దాదాపు సగంమంది తమ చొక్కాను గమనించి ఉంటారని వాళ్ళు అనుకున్నారు. నిజంగా గమనించినవాళ్ళు దాదాపు నాలుగోవంతు మందే. పాప ఏడుపు చొక్కా కన్నా గట్టిగా వినిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ మీరు అనుకున్నంత సేపు, మీరు అనుకున్నంత కఠినంగా ఎవరూ మిమ్మల్ని చూసి ఉండరు. ఆ వరుసలో తన పిల్లల చిన్నతనం గుర్తుకొచ్చి, సాయం చేయాలని ఉండీ ఎలా ముందుకు రావాలో తెలియక ఆగిపోయినవాళ్ళు ఒకరిద్దరైనా ఉండి ఉంటారు.

ఆ అమ్మాయి దగ్గరికి వద్దాం. జాలిపడేవాళ్ళు ఉన్నచోటి నుంచే "అయ్యో పాపం" అంటారు. ఈ అమ్మాయి పాప కళ్ళకు తన కళ్ళు సమానమయ్యేదాకా కిందికి వంగింది. పాపను మీ దగ్గరి నుంచి లాక్కోలేదు, ఊరుకోమని గదమాయించలేదు, మీకు ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఏడుస్తున్న పసిదాన్నే సాయం అడిగింది. నాకు ముచ్చటేసింది ఇక్కడే. 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకెల్ టొమసెల్లో అనే పరిశోధకులు పద్దెనిమిది నెలల పిల్లల ముందు ఒక కొత్త మనిషి చేత వస్తువు జారవిడిపించి, అందుకోలేక అవస్థపడుతున్నట్టు నటింపజేశారు. ఎవరూ చెప్పకుండానే చాలామంది పిల్లలు వెళ్ళి తీసి అందించారు. పద్దెనిమిది నెలలంటే మీ పాప వయసే కదా. ఆ వయసులో పిల్లలకు నలుగురిలో తామూ ఒక చేయి వేయాలని ఉంటుంది. ఆ అమ్మాయి ఇవన్నీ చదివి ఉండనక్కరలేదు. ఇంట్లో తమ్ముణ్ణో చెల్లెలినో ఎత్తుకుని తిరిగిన అనుభవం కావచ్చు, రోజూ ఆ కౌంటర్ ముందు ఎందరో తల్లులను చూసిన అనుభవం కావచ్చు. ఆమె చూపించింది పనితనం. పాపకు ఒక పని దొరికింది, మీకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికింది, బిల్లూ ఆగలేదు.

"అది వాళ్ళ ఉద్యోగం" అన్న మాట నాకు కష్టం కలిగించింది. సరుకు లెక్కపెట్టి డబ్బు తీసుకోవడం ఆమె ఉద్యోగం. ఎంత విసుగు కలిగినా ముఖం మీద చిరునవ్వు చెదరకుండా నిలబడడం కూడా ఈ ఉద్యోగాల్లో భాగమైపోయింది. దీనికి ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సమాజ శాస్త్రవేత్త 1983లో 'భావోద్వేగ శ్రమ' అని పేరు పెట్టారు. జీతపు చీటీలో దానికి విడిగా గడి ఉండదు. నేలమీద మోకాళ్ళు ఆనించి చిల్లర ఏరడం ఆమెకు అప్పగించిన పనుల్లో ఉందని నేను అనుకోను. పూటంతా నిలబడో కూర్చునో పనిచేసే మనిషి, వరుస పెరిగితే మాటపడేది తానే అయినా, రెండు నిమిషాలు తన మనసుతో ఖర్చు చేసింది. దాన్ని ఉద్యోగం పద్దులో రాసేస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే.

కాబట్టి మీరు మళ్ళీ ఆ షాపుకు వెళ్ళాలి. థాంక్స్ చెప్పడానికి వారం దాటిపోయిందని సంకోచించకండి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన పరిశోధనలో కొందరి చేత తమకు మేలు చేసినవాళ్ళకు ఉత్తరాలు రాయించారు. అవతలివాళ్ళు ఇబ్బందిపడతారేమోనని రాసినవాళ్ళు ఎక్కువగా ఊహించుకున్నారు, వాళ్ళకు కలిగే సంతోషాన్ని తక్కువగా అంచనా వేశారు. పెద్ద మాటలేవీ అక్కరలేదు. "ఆ రోజు మా పాప చేత డబ్బా అందించుకున్నారు, గుర్తుందా? మీవల్ల ఆ పూట గడిచింది" అంటే చాలు. ఏం చేసిందో పేరుపెట్టి చెప్పండి, వట్టి థాంక్స్ అయితే రోజూ వందసార్లు వింటుంది. సంచులు మోసిన అతనికి కూడా చెప్పండి, అతన్ని మరిచిపోవద్దు. వీలైతే పై అధికారికి వాళ్ళ పేర్లతో రెండు వాక్యాలు రాసి ఇవ్వండి. ఫిర్యాదులు తమంతట తామే పైకి వెళతాయి, మంచిమాట మాత్రం ఎవరో ఒకరు పూనుకుని మోసుకెళితేనే చేరుతుంది. డబ్బో కానుకో ఇవ్వాలనిపిస్తే ఆగండి. చాలాచోట్ల ఉద్యోగులు వాటిని తీసుకోకూడదన్న నియమం ఉంటుంది, ఆమెను ఇరకాటంలో పెట్టినవారవుతారు.

ఈసారి వెళ్ళేటప్పుడు పాప నిద్ర, తిండి అయ్యాక బయలుదేరండి. ట్రాలీలో పిల్లల కోసం ఉన్న సీటులోనే కూర్చోబెట్టి బెల్టు పెట్టండి. సరుకులు వేసేచోట నిలబెట్టకండి, అక్కడినుంచి పడితే తలకు దెబ్బ తగులుతుంది. మొదటినుంచే పాపకు ఏదో ఒకటి అందించే పని పెట్టండి. అయినా పేచీ మొదలైతే సరుకులు అక్కడే వదిలి బయటికి రావచ్చు, అందులో తప్పేమీ లేదు. ఎవరైనా సాయం చేస్తామంటే "వద్దులెండి" అనే మాట అలవాటుగా నోటికి వస్తుంది. ఆ మాట ఆపి, "ఈ సంచి కాస్త పట్టుకుంటారా" అని పని చెప్పండి. పిల్లలను ఎత్తుకుంటామంటే మాత్రం ఇష్టం లేకపోతే మొహమాటం లేకుండా వద్దనండి.

మీ వారితో ఆ అమ్మాయి గురించి వాదించకండి. "ఆ రోజు ఒక పరాయి మనిషి నా బరువు అందుకుంటే ఏడుపు వచ్చింది. ఇంట్లో ఆ బరువు అందుకునేవాళ్ళు ఎవరని అనిపించింది" అని నెమ్మదిగా చెప్పండి. చెప్పి ఊరుకోకుండా ఒక ఏర్పాటు అడగండి. సరుకులకు వెళ్ళే పూట పిల్లల్లో ఒకరిని ఆయన చూసుకోవాలి, లేదా ఒక వారం ఇద్దరినీ తీసుకుని ఆయనే వెళ్ళాలి. అత్తగారికి ఎదురు జవాబు ఇవ్వవద్దు. ఆమె పిల్లలు ఈ వయసులో ఉన్నప్పుడు తోడు ఎవరుండేవారో అడిగి చూడండి. ఆమెకు కూడా ఎవరూ చేయి అందించి ఉండకపోవచ్చు, అలాంటి బాధ చాలాసార్లు ఇలా కఠినంగా బయటపడుతుంది.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇలాంటి ఏడుపు రెండు వారాలకు మించి రోజూ వస్తున్నా, నిద్ర పట్టకపోయినా, పిల్లల ముద్దుముచ్చట్లు కూడా సంతోషం కలిగించకపోయినా వెంటనే డాక్టరును కలవండి.

వెళ్ళేది ఈ వారమే వెళ్ళండి. బాబును కూడా వెంట తీసుకెళ్ళండి, స్కానర్ నొక్కిన సంగతి వాడు మరిచిపోయి ఉండడు. పక్క కౌంటర్ ఖాళీగా ఉన్నా సరే, ఆమె ఉన్న వరుసలోనే నిలబడండి.