జీపీఏ 2.13 ఉన్నా ఎయిడ్ ఎందుకు ఆగింది?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటున్నాం. గ్రీన్‌కార్డు ఉంది. మా అబ్బాయి స్టేట్ యూనివర్సిటీలో రెండో ఏడాది పూర్తి చేశాడు. ఫిబ్రవరిలో మా ఆవిడకు ఆపరేషన్ అయింది, ఆ సెమిస్టర్ వాడి చదువు బాగా దెబ్బతింది. మే నెలాఖరులో ‘సాప్ సస్పెన్షన్’ అంటూ ఈమెయిల్ వచ్చింది. ఫాల్‌లో ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటూ రాదట, లోనూ రాదట. జీపీఏ 2.13 ఉంది, చదువులో ప్రొబేషన్ కూడా లేదు. ముందుగా ఒక్క హెచ్చరికా రాలేదు. ఒక సెమిస్టర్ ఆగి చేరితే సరిపోతుందా? ఆఫీసుకు నేను ఉత్తరం రాయనా? ట్రాన్‌స్క్రిప్ట్ పంపుతున్నాను.

జవాబు: సెమిస్టర్ ఆపే ఆలోచన ముందు మానుకోండి. ఇంట్లో కూర్చుంటే ఎయిడ్ తిరిగి రాదు. పైగా చదువు ఆరు క్రెడిట్ల కన్నా తగ్గిన రోజు నుంచి, ఇప్పటిదాకా తీసుకున్న ఫెడరల్ లోన్లు తిరిగి కట్టడం మొదలుపెట్టేలోగా ఇచ్చే ఆరు నెలల గడువు కరగడం మొదలవుతుంది.

సాప్ అంటే శాటిస్ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్, చదువులో సరిపడా ముందుకెళ్లడం. ఫెడరల్ ఎయిడ్ తీసుకునే ప్రతి విద్యార్థికీ కాలేజీ మూడు విషయాలు చూస్తుంది. మొదటిది జీపీఏ. రెండో ఏడాది ముగిసేసరికి సి గ్రేడుకు సమానంగా, అంటే మామూలుగా 2.0 ఉండాలి. అందులో మీవాడు గట్టెక్కాడు. రెండోది పేస్: ఇప్పటిదాకా తీసుకున్న మొత్తం క్రెడిట్లలో పాసైనవి ఎన్ని శాతం అన్నది. మూడోది గరిష్ఠ పరిమితి: 120 క్రెడిట్ల డిగ్రీని 180 క్రెడిట్లు తీసుకునేలోగా ముగించాలి. మీవాడు పడిపోయింది రెండోదాంట్లో.

ట్రాన్‌స్క్రిప్ట్ పక్కన పెట్టుకుని చూడండి. మొదటి ఫాల్‌లో 15 తీసుకుని 15 పాసయ్యాడు. స్ప్రింగ్‌లో 16 తీసుకుని నాలుగు క్రెడిట్ల కెమిస్ట్రీని మధ్యలో వదిలేసి డబ్ల్యూ (విత్‌డ్రా) పెట్టించుకున్నాడు, మిగిలినవి 12. రెండో ఫాల్‌లో 15 తీసుకుంటే ఒక ఎఫ్, ఒక డబ్ల్యూ పోను తొమ్మిది. ఈ స్ప్రింగ్‌లో 14 తీసుకున్నాడు. రెండు నాలుగు క్రెడిట్ల కోర్సులకు డబ్ల్యూ, ఒక మూడు క్రెడిట్ల కోర్సులో ఎఫ్, పాసైంది మూడే. మొత్తం 60 తీసుకుని 39 పాసయ్యాడు, అంటే 65 శాతం. కావలసింది మూడింట రెండు వంతులు, అంటే 40. ఒక్క క్రెడిట్ తక్కువైంది.

మన ఇళ్లల్లో అందరం జీపీఏ మీదే కన్నేసి ఉంచుతాం. కోర్సు కష్టంగా ఉంటే ‘డ్రాప్ చేసెయ్, జీపీఏ పాడవకుండా ఉంటుంది’ అని సలహా ఇస్తాం. డబ్ల్యూ జీపీఏకి అంటదన్న మాట నిజమే. కానీ పేస్ లెక్కలో అది ఎఫ్‌తో సమానం, తీసుకున్నవాటిలో ఉంటుంది, పాసైనవాటిలో ఉండదు. కోర్సు పూర్తికాక పెండింగ్‌లో పెట్టే ఇన్‌కంప్లీట్ గ్రేడూ అంతే. దాన్ని పూర్తిచేసి గ్రేడ్ వచ్చాక లెక్క మళ్లీ చూడమని మనమే అడగాలి, చాలాచోట్ల వాళ్లంతట వాళ్లు చూడరు. మచ్చ లేకుండా కోర్సు వదలాలంటే సెన్సస్ తేదీ (కాలేజీ విద్యార్థుల లెక్క ఖాయం చేసే రోజు) లోపే వదలాలి. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లకు అది 12వ క్లాస్ డే. ఆ లోపు వదిలితే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఏమీ పడదు. క్రెడిట్లు తగ్గినందుకు ఆ సెమిస్టర్ పెల్ మాత్రం తగ్గవచ్చు.

హెచ్చరిక ఎందుకు రాలేదని అడిగారు. ప్రతి సెమిస్టర్ చివరా సాప్ చూసే కాలేజీలే ‘వార్నింగ్’ పేరుతో ఒక సెమిస్టర్ గడువు ఇవ్వగలవు. ఏడాదికోసారి చూసే కాలేజీకి ఆ వీలు రూల్‌లోనే లేదు. నేరుగా సస్పెన్షన్ వచ్చిందంటే మీది ఏడాదికోసారి చూసే కాలేజీ అయ్యుంటుంది, వాళ్ల వెబ్‌సైట్‌లో సాప్ పాలసీ పేజీ చూడండి.

ఇక చేయాల్సింది అప్పీల్. అది మీరు కాదు, మీ అబ్బాయే రాయాలి. కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డుల మీద హక్కు ఫెర్పా చట్టం ప్రకారం అతనిదే. మీకు వివరాలు చెప్పాలంటే ఆఫీసుకు మామూలుగా అతని సమ్మతి పత్రం కావాలి. కన్నవారి చేతిరాత కనిపించే ఉత్తరం అప్పీళ్లు చూసే కమిటీని నమ్మించదు కూడా.

అప్పీల్‌కు రూల్ ఒప్పుకునే కారణాలు: దగ్గరివాళ్ల మరణం, విద్యార్థి అనారోగ్యం లేదా గాయం, ఇతర ప్రత్యేక పరిస్థితులు. తల్లి ఆపరేషన్ మూడోదాని కిందికి వస్తుంది. ఉత్తరం ఒక పేజీ మించకుండా, తేదీలతో ఉండాలి. ‘అమ్మకు ఒంట్లో బాగోలేదు, చదవలేకపోయాను’ అంటే చాలదు. ఆపరేషన్ ఏ రోజు, ఆస్పత్రిలో ఎన్ని రోజులు, ఇంటికొచ్చాక ఎన్ని వారాలు తను చూసుకోవాల్సి వచ్చింది, ఆ వారాల్లో ఏయే క్లాసులు, పరీక్షలు తప్పాయి అన్నది రాయాలి. డిశ్చార్జ్ సమ్మరీ, లెటర్‌హెడ్ మీద తేదీలు వేసి డాక్టర్ ఇచ్చిన ఉత్తరం జతచేయాలి.

రెండో సగమే చాలామంది వదిలేస్తారు: ఇప్పుడు ఏం మారింది? రూల్ ఈ మాటా అడుగుతుంది. అమ్మ కోలుకుంది, ఇంట్లో ఫలానావాళ్లు చూసుకుంటున్నారు, ఫాల్‌లో 12 క్రెడిట్లే తీసుకుంటాను, ఎఫ్ వచ్చిన కోర్సును వారానికి రెండుసార్లు ట్యూటరింగ్‌కు వెళ్తూ మళ్లీ చేస్తాను అన్నట్టు ఉండాలి. ‘ఇకనుంచి బాగా కష్టపడతాను’ అన్న వాక్యానికి విలువ లేదు. ప్రొఫెసర్ మీద ఫిర్యాదు అసలే వద్దు.

ఇంకొకటి గమనించండి. రెండో ఫాల్‌లోని ఎఫ్, డబ్ల్యూ ఆపరేషన్‌కు ముందువి. కమిటీ ఆ సంగతి తప్పకుండా చూస్తుంది. దాన్ని దాటేయకుండా, అప్పుడు ఏం జరిగిందో అబ్బాయి ఉన్నదున్నట్టు రెండు వాక్యాలు రాయాలి.

అప్పీల్ ఒప్పుకుంటే ‘ఫైనాన్షియల్ ఎయిడ్ ప్రొబేషన్’ మీద ఒక సెమిస్టర్ ఎయిడ్ వస్తుంది. ఫాల్‌లో 12 తీసుకుని అన్నీ పాసైతే 72కి 51, దాదాపు 71 శాతం. ఒక్క సెమిస్టర్‌తో బయటపడతాడు. ఒక సెమిస్టర్‌లో తేరుకోలేని వాళ్లకు అడ్వైజర్‌తో కలిసి అకడమిక్ ప్లాన్ రాయిస్తారు. అందులో పెట్టిన షరతు ఒక్కటి తప్పినా ఎయిడ్ మళ్లీ ఆగుతుంది. అప్పీల్ తిరస్కరిస్తే ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌కు వెళ్లే దారి లేదు, కాలేజీదే చివరి మాట.

అందుకే అప్పీల్ వేస్తూనే రెండో సమ్మర్ సెషన్‌కూ సిద్ధం కావాలి. దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో చేస్తే ఖర్చు తక్కువ. ట్రాన్స్‌ఫరై ఒప్పుకున్న క్రెడిట్లు తీసుకున్నవాటిలోనూ పాసైనవాటిలోనూ కలుస్తాయి. ఒక కోర్సు పాసైతే 63కి 42, అంటే 66.67 శాతం. ఇక్కడ జాగ్రత్త. పాలసీలో ‘67 శాతం’ అని రాసుకుని పైకి సర్దని కాలేజీలో ఇది ఫెయిలే. రెండు కోర్సులైతే 66కి 45, 68 శాతం దాటుతుంది, ఏ లెక్కలోనైనా నిలుస్తుంది. ఐదు వారాల సెషన్‌లో రెండు కోర్సులంటే బరువే కాబట్టి ఒకటి తేలికైన కోర్ కోర్సు తీసుకోమనండి. కాలేజీల మధ్య కోర్సుల్ని సరిపోల్చే టెక్సస్ కామన్ కోర్స్ నంబర్ చూసి, తన డిగ్రీకి పనికొస్తుందని అడ్వైజర్‌తో ఈమెయిల్‌లో రాయించుకున్నాకే ఫీజు కట్టండి. ఫలితాలు వచ్చాక అఫీషియల్ ట్రాన్‌స్క్రిప్ట్ పంపించి, సాప్ మళ్లీ లెక్కించమని రాతపూర్వకంగా అడగాలి. సొంత డబ్బు కట్టినంత మాత్రాన ఎయిడ్ రాదు, క్రెడిట్లు పాసైతేనే వస్తుంది.

టెక్సస్‌కే చెందిన సంగతి మరొకటి ఉంది. ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ మొత్తం మీద ఆరు కోర్సులకు మించి డ్రాప్ చేయనివ్వరు. మీవాడు నాలుగు వాడేశాడు. అయితే జబ్బుపడ్డ కుటుంబసభ్యుల్ని చూసుకోవాల్సి వచ్చి వదిలినవి ఆ ఆరులోకి రాకుండా మినహాయింపు ఉంది. ఈ స్ప్రింగ్‌లోని రెండింటినీ మినహాయించమని అవే ఆస్పత్రి కాగితాలతో రిజిస్ట్రార్‌ను అడగండి. దీనివల్ల పేస్ మారదు, ముందుముందు అవసరానికి రెండు డ్రాప్‌లు మిగులుతాయి.

అతనికి రాష్ట్రం ఇచ్చే టెక్సస్ గ్రాంట్ కూడా వస్తుంటే దాని షరతులు వేరు, ఇంకా గట్టివి: జీపీఏ 2.5, ఆ ఏడాది తీసుకున్నవాటిలో 75 శాతం పాస్, ఏడాదికి 24 క్రెడిట్లు. మీవాడు ఈ ఏడాది 29లో 12 పాసయ్యాడు. దానికి హార్డ్‌షిప్ కింద విడిగా అర్జీ పెట్టాలి, సాప్ అప్పీల్ దానికి పనికొస్తుందనుకోవద్దు.

డబ్బు లెక్క వేసుకునేటప్పుడు ఇది కూడా చూసుకోండి. కాలేజీలో అడుగుపెట్టి మూడో ఏడు కాబట్టి మూడో ఏడాది విద్యార్థికిచ్చే 7,500 డాలర్ల లోన్ వస్తుందని అనుకోవచ్చు. లోన్ పరిమితి చూసేది పాసైన క్రెడిట్లను బట్టి. చాలా కాలేజీల్లో 60 పాసైతేనే జూనియర్, అంటే మూడో ఏడాది విద్యార్థి. 39తో, సమ్మర్ కలుపుకుని 45తో ఉన్నా అతను సోఫమోరే (రెండో ఏడాది విద్యార్థే), పరిమితి 6,500. తల్లిదండ్రుల పేరున తీసుకునే పేరెంట్ ప్లస్ లోన్‌కూ సాప్ వర్తిస్తుంది కాబట్టి అప్పీల్ తేలేదాకా దాన్నీ లెక్కలో పెట్టుకోకండి. ఫాల్ ఫీజు గడువు అప్పీల్ జవాబు కన్నా ముందే వస్తే, వాయిదాల్లో కట్టే ప్లాన్ ఉందేమో ఫీజులు కట్టించుకునే బర్సర్ ఆఫీసులో ఈ వారమే అడగండి. గడువు దాటితే రిజిస్టరైన క్లాసులు పోయే ప్రమాదం ఉంది.