పన్నెండు కొట్టేలోపు పెళ్లి

చిన్నీ,

రీజెన్సీ కాలం ఇంగ్లండులో, ఇంటినిండా జనం ఉన్న చోట నడిచే ప్రేమకథ రాస్తున్నావట, అదీ నవ్వించే కథ. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం కొంత, టెన్షన్ కొంత.

రీజెన్సీ అంటే 1811 నుంచి 1820 దాకానే, ఆ ఏళ్లు దాటకు. పెద్దమ్మాయిని ఇంటిపేరుతో మిస్ అంటారు, చెల్లెళ్లను సొంత పేరుతో. నిశ్చయం కాని జంట ఉత్తరాలు రాసుకోకూడదు. ఉత్తరం అందుకున్నవాళ్లే డబ్బు కట్టాలి కాబట్టి, ఎవరికి ఏది వచ్చినా ఇల్లంతా తెలిసిపోతుంది. ఇవన్నీ నువ్వు చదువుకుంటావులే.

నేను చేసిన తప్పు మాత్రం చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట ఒక వారపత్రికకు ఇలాంటి సీరియలే రాశాను. ఇంట్లో పద్నాలుగు మంది. చివరి వారం చర్చిలో రాత్రిపూట, కొవ్వొత్తుల వెలుగులో పెళ్లి చేశాను. అర్ధరాత్రి ముహూర్తాలు చూసిన కళ్లు కదా! ఒక పాఠకురాలు కార్డు రాసింది: 'అమ్మా, అక్కడ పెళ్లి ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు లోపే జరగాలి, ఆర్చిబిషప్ ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప.' వెతికి చూస్తే నిజమే. 1886 దాకా అదే నియమం.

తప్పు దొరికిందని కాదే నా బాధ. పన్నెండు కొడితే ఆ రోజుకు పెళ్లి లేదు! పద్నాలుగు మందికి ఒక్క నిలువుటద్దం, ఒక్క బండి, దొరకని చేతి తొడుగు, అలిగి తలుపేసుకున్న తల్లి. ఆ ఇంటి నవ్వంతా అక్కడుంటే నేను కొవ్వొత్తులు వెలిగిస్తూ కూర్చున్నాను. నాకు తెలియనిదా? మీ నాన్న పెళ్లిరోజు పొద్దున నూతి దగ్గర తొమ్మిది చెంబులు వరసలో ఉన్నాయి. ముహూర్తం మించిపోతోందని పంతులుగారి కేకలు. మా నాన్నగారి పట్టు కండువా కోసం ఇల్లంతా గాలిస్తే, ఎవరో దాన్ని పసిపిల్ల ఉయ్యాలలో పరిచారు. పిల్ల హాయిగా నిద్రపోతోంది, లేపడానికి ఎవరికీ మనసు రాలేదు. ఆయన తువ్వాలు వేసుకునే పీటల మీద కూర్చున్నారు.

పరాయి దేశం కథ కదా అని అదంతా గుమ్మం బయట వదిలేసి రాశాను. నువ్వూ అలా చేశావో, చెవి మెలిపెడతాను.

ఇంకొకటి. ఆ ఇళ్లలో పెళ్లికాని అత్త ఒకావిడ ఉంటుంది. ఆస్తి మామూలుగా పెద్దకొడుక్కే పోయేది కాబట్టి, తిండికీ చలిమంటకీ ఆవిడ అన్నదమ్ముల దయ మీదే బతకాలి. నవ్వు కావలసినప్పుడల్లా ఆవిడను వాడుకోవడం తేలిక. నువ్వు వద్దమ్మా. మీ నాన్న నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అయినా నిన్ను నిద్రపుచ్చాక, వెనక గదిలో, దీపం బయటికి కనబడకుండా తలుపు దగ్గరగా వేసుకునే రాశాను ఇన్నేళ్లూ.

ఆవిడ చేత నాలుగు మంచి మాటలు అనిపించు, జనం నవ్వే మాటలు. ఒక గది ఇవ్వు. కిటికీలకు కూడా పన్ను కట్టే రోజులవి, ఇంటాయన సణుగుతాడు. సణిగినా సరే, ఆ గదికి కిటికీ పెట్టు.

మొదటి అధ్యాయం పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పంపు.

మీ అత్త