పసిపాపకు ప్రోబయోటిక్ చుక్కలు వేయాలా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. 18 రోజుల కిందట ఆపరేషన్ చేసి పాపను తీశారు. నెలలు నిండాకే పుట్టింది, బరువు 2.8 కిలోలు. నాకు యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. పాప నా పాలే తాగుతోంది. రోజుకు ఆరేడుసార్లు పసుపుగా, పల్చగా విరేచనం అవుతోంది. మందుల షాపులో ప్రోబయోటిక్ చుక్కలు ఇచ్చి నెల రోజులు వేయమన్నారు. ఒడిశాలో పసిపిల్లలకు ఇలాంటివే ఇస్తే జబ్బులు తగ్గాయని మా ఆయన చదివారట. అత్తయ్యేమో ఆముదం, తేనె నాకిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ప్రోబయోటిక్ అంటే మేలు చేస్తాయని ఇచ్చే బ్రతికున్న బ్యాక్టీరియా. మీరు రాసినదాన్ని బట్టి ఆ చుక్కలు మీ పాపకు ఇప్పుడు అవసరం లేదు. ఆముదం, తేనె అసలే వద్దు.

ముందు విరేచనాల సంగతి. తల్లిపాలు తాగే బిడ్డ ఈ వయసులో పాలు తాగిన ప్రతిసారీ వెళ్లినా కంగారు పడక్కర్లేదు. పసుపుగా, పల్చగా, మధ్యలో తెల్లటి పలుకులతో ఉండటం మామూలే. పాప చురుగ్గా పాలు తాగుతూ, రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే అది జబ్బు కాదు. మందు వేయడానికి అక్కడ ఏమీ లేదు.

ఇప్పుడు అసలు విషయం. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండేవి ఒలిగోశాకరైడ్లనే చక్కెరలు. దాదాపు 200 రకాలున్నాయి. బిడ్డ వీటిని అరిగించుకోలేదు. అయినా తల్లి శరీరం అంత శ్రమపడి వాటిని ఎందుకు తయారుచేస్తుంది? బిడ్డ పెద్దపేగులో ఉండే బైఫిడో బ్యాక్టీరియా కోసం. తల్లిపాలు తాగే శిశువుల మలంలో ఈ బ్యాక్టీరియాను 1899లోనే పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో హెన్రీ టిస్సియే గుర్తించాడు. వాటిలో ఇన్ఫాంటిస్ అనే రకం జన్యువులన్నీ 2008లో చదివితే, ఈ పాల చక్కెరలను లోపలికి లాక్కుని అరిగించుకునే ఏర్పాటంతా అందులో కనిపించింది. అది ఆ చక్కెరలను తిని ఎసిటిక్, లాక్టిక్ ఆమ్లాలు వదులుతుంది. దాంతో పేగులో పులుపు పెరిగి, జబ్బు చేసే క్రిములు నిలదొక్కుకోలేవు. మీరు పాలిచ్చే ప్రతిసారీ పాపతో పాటు దాని సహజీవులకూ తిండి పెడుతున్నారు. ఏ సీసాలోనూ దొరకని ప్రోబయోటిక్ వైద్యం మీ ఇంట్లో ఇప్పటికే జరుగుతోందని నేను గట్టిగా చెప్తాను.

ఆపరేషన్ వల్ల తేడా రాదా అంటే, వస్తుంది. బ్రిటన్‌లో దాదాపు 600 మంది శిశువులను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, సిజేరియన్ బిడ్డల పేగుల్లో తల్లి నుంచి రావాల్సిన బ్యాక్టీరియా తక్కువగా, ఆసుపత్రి క్రిములు ఎక్కువగా కనిపించాయి. తల్లికిచ్చిన యాంటీబయోటిక్ ప్రభావమూ ఉంటుంది. కానీ నెలలు గడిచేకొద్దీ ఆ తేడా చాలావరకు తగ్గింది. బిడ్డను ఒంటికి ఆనించుకుని పాలివ్వడం మానకండి, డబ్బాపాలు కలపకండి.

మీ ఆయన చదివింది నిజమే. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశాలో, పల్లెల్లో పుట్టిన 4,500 మందికి పైగా శిశువులపై పినాకి పాణిగ్రాహి బృందం చేసిన పరీక్ష అది. ఫలితాలు 2017లో వచ్చాయి. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాను, దానికి తిండిగా పనికొచ్చే ఒక చక్కెరతో కలిపి ఏడు రోజులు నోటి ద్వారా ఇచ్చారు. రెండు నెలలు గమనించారు. ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 9 శాతం మందికి సెప్సిస్ (ఒళ్లంతా దెబ్బతీసే తీవ్రమైన ఇన్ఫెక్షన్) లేదా మరణం సంభవిస్తే, ఇది తీసుకున్నవారిలో 5.4 శాతానికి తగ్గింది. మన పక్క పల్లెల్లో ఇంత పెద్ద మేలు రుజువు కావడం పసిపిల్లల డాక్టరుగా నాకెంతో ఆనందం కలిగించింది.

అయితే ఆ పిల్లలంతా తల్లిపాలు తాగుతున్నవారు, 2 కిలోలు, 35 వారాలు దాటినవారు. మందు మొదలుపెట్టింది పుట్టిన తొలి రోజుల్లోనే. పైగా అది ఒకే ఒక్క స్ట్రెయిన్, అంటే ఆ జాతి బ్యాక్టీరియాలోని ఒక ప్రత్యేక రకం. వరి అంటే శ్రీకాకుళం సన్నాలూ వరే, స్వర్ణా వరే. ఒకదాని దిగుబడి చూసి ఇంకోదానికి హామీ ఇవ్వగలమా? బ్యాక్టీరియా విషయమూ అంతే. పేరు ఒకటైనా స్ట్రెయిన్ మారితే గుణం మారుతుంది. మీ సీసా మీద జాతి పేరు పక్కన స్ట్రెయిన్ గుర్తు ఉందేమో చూడండి. లేకపోతే అది దేనికి పనిచేస్తుందో చెప్పడానికి ఆధారమే ఉండదు. కోట్ల సంఖ్య ఎంత పెద్దగా ముద్రించినా ఆ లోటు తీరదు. పేగులో నిలిచే స్ట్రెయిన్‌ను వెతకడం, దాని తిండిని జతచేయడం, ఉత్తుత్తి మందుతో పోల్చి పరీక్షించడం: మెరుగైన ప్రోబయోటిక్‌కు దారి ఇదే. ఒడిశాలో చేసింది కూడా ఇదే.

ఇవి బ్రతికున్న సూక్ష్మజీవులని మరవకూడదు. నెలలు నిండకుండా పుట్టిన ఒక శిశువుకు ఆసుపత్రిలో ప్రోబయోటిక్ ఇచ్చాక అదే బ్యాక్టీరియా రక్తంలోకి పాకి బిడ్డ చనిపోవడంతో, 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ డాక్టర్లను హెచ్చరించింది. మీ పాపది ఆ పరిస్థితి కాదు. కానీ బరువు తక్కువ బిడ్డలున్న ఇళ్లవాళ్లు షాపులో అడిగి వేయడం మానాలి.

తేనెలో బోటులిజం (కండరాలు చచ్చుబడే జబ్బు) క్రిమి బీజాలు ఉండొచ్చు. ఏడాది నిండేవరకు ఒక్క చుక్క కూడా వద్దు. ఆముదం పేగును రేపుతుంది, ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రమాదం. వసకొమ్ము అరగదీయడం, పంచదార నీళ్లు కూడా వద్దు. ఆరు నెలల వరకు మంచినీళ్లు కూడా అక్కర్లేదు. అత్తయ్యగారి ప్రేమను నేను కాదనను. ఆ ప్రేమతో మీకు కడుపునిండా వడ్డించమనండి. బాలింత పథ్యమంటూ పప్పు, కూరలు, పండ్లు, నీళ్లు తగ్గించే అలవాటు మన వైపు ఇంకా ఉంది. చోడి అంబలి, పెరుగు, ఆకుకూరలు, గుడ్డు, చేప అన్నీ తినండి.

పాప పాలు తాగడం మానేసినా, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా, చల్లబడినా, నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, మలంలో రక్తం కనిపించినా మర్నాటి దాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి, పసిపిల్లల విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆరో వారం నిండగానే మీ ఏఎన్‌ఎమ్‌ను కలవండి. మిగతా టీకాలతో పాటు, తీవ్రమైన విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కు టీకాను నోట్లో వేస్తారు. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. 10వ వారం, 14వ వారం మళ్లీ వేయించాలి.