లాకుల దగ్గర అంతసేపెందుకు?

ప్రశ్న: మా తాతయ్య నెల్లూరు వైపు నుంచి బకింగ్‌హాం కాలువలో పడవ మీద మద్రాసు వచ్చేవారట. లాకుల దగ్గరే పొద్దుపోయేదని చెప్పేవారు. ఎందుకలా? ఇప్పుడు వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: లాకు అంటే నీటి మెట్టు అనుకోండి. కాలువ దారిలో నదులూ ఉప్పునీటి కయ్యలూ అడ్డొస్తాయి, సముద్రం పోటుపాట్లకి వాటి మట్టం మారుతుంటుంది కాబట్టి, పడవని రెండు తలుపుల మధ్య తొట్టిలోకి తెచ్చి, వెనక తలుపు మూసి, తూముల్లోంచి నీళ్లు వదిలి లేదా తీసి, అవతలి మట్టానికి సమానమయ్యాకే ముందు తలుపు తెరుస్తారు. ముందు పడవలుంటే వరస తప్పదు, ఆ ఖాళీలో వంటా కబుర్లూ! గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీంచి తాడుతో లాగడమే.

1806లో మొదలైన ఈ కాలువలో మద్రాసులోని కూవం, అడయార్ నదులను కలిపే ముక్క 1876–78 కరువు పనుల్లో తవ్వారు. 1965, 66 తుఫాన్లు బాగా దెబ్బతీశాయి.

ఇప్పుడా? మైలాపూరు దగ్గర కాలువలోనే రైలు స్తంభాలు నిలబడ్డాయి, పైగా ఆ కంపు! పడవ ఆశ వదిలేయండి. లాకులే చూడాలంటే ధవళేశ్వరం వెళ్లండి.