జమీందారు ఇచ్చిన ఫుట్‌బాల్ గ్రౌండ్‌ను వారసులు అమ్మేయొచ్చా?

ప్రశ్న: మాది కోస్తాలో ఒక చిన్న పట్టణం. మా ఫుట్‌బాల్ గ్రౌండ్ పూర్వం జమీందారు గారిదని, కుర్రాళ్ళు ఆడుకోవడానికి నోటిమాట మీద ఇచ్చారని పెద్దలు చెబుతారు. మా నాన్న, నేను, మా అబ్బాయి ముగ్గురం అక్కడే ఆడాం. ఈమధ్య ఒకాయన వారసుల దగ్గర కొన్నానంటూ రిజిస్టర్డ్ దస్తావేజు చూపించి, రాత్రికి రాత్రి రాతి స్తంభాలు పాతించాడు. ఇన్నేళ్ళుగా ఆడుతున్నాం కాబట్టి గ్రౌండ్ మాదే అవుతుందా?

జవాబు: మీది కాదు. అయితే ఆయనది కూడా కాకపోవచ్చు. మీ కేసు బలమంతా ఈ రెండో మాటలోనే ఉంది.

సాయంత్రం వచ్చి ఆడి, చీకటి పడ్డాక ఇళ్ళకు వెళ్ళిపోయేవాళ్ళను చట్టం స్వాధీనంలో ఉన్నవాళ్ళుగా చూడదు. పైగా జమీందారు గారే ఆడుకోమన్నారని మీరు అంటున్నారు. అనుమతితో వాడుకున్న స్థలం మీద అడ్వర్స్ పొసెషన్, అంటే ఏళ్ళ తరబడి స్వాధీనంలో ఉంది కాబట్టి మాదే అనే వాదన నిలబడదు. ఎవరైనా ఆ దావా వేయమని సలహా ఇస్తే వినకండి. గ్రౌండ్ మాది అనకుండా, ఇది ప్రజలది అనండి.

ఇక అసలు సంగతి. మీ ఊరు జమీందారీ ఎస్టేటులో ఉండి ఉంటే, 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం దానికి వర్తించి ఉంటుంది. ఆ చట్టం 3వ సెక్షన్ ప్రకారం నోటిఫికేషన్ తేదీ నుంచి ఉమ్మడి భూములు, పోరంబోకులు (ఎవరి పట్టాలోనూ లేని ప్రభుత్వ, ప్రజా అవసరాల భూములు), బంజర్లతో సహా ఎస్టేటు మొత్తం ప్రభుత్వపరమైంది. జమీందారు సొంత భూములుగా చట్టం గుర్తించిన వాటికి మాత్రం 12వ సెక్షన్ కింద రైత్వారీ పట్టా, అంటే ప్రభుత్వం ఇచ్చే హక్కు పత్రం పొందే వీలుంది. కాబట్టి కొన్నాయన్ని అడగాల్సింది ఒక్కటే: ఈ సర్వే నంబరుకు ఆనాడు జమీందారు కుటుంబానికి పట్టా వచ్చిందా? రాకపోతే వారసుల చేతిలో అమ్మడానికి ఏమీ లేదు. లేని హక్కును రిజిస్ట్రేషన్ పుట్టించలేదు. దస్తావేజు మీద స్టాంపులు, ముద్రలు చూసి టెన్షన్ పడకండి.

ఆ జవాబు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో, అంటే ఏ సర్వే నంబరు ఎవరిదో రాసిన పాత రెవెన్యూ రికార్డులో దొరుకుతుంది. తహసీల్దారు ఆఫీసులో సర్వే నంబరు రాసిచ్చి ధ్రువీకరించిన నకలు అడగండి. తిప్పుతుంటే 5 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. నంబరుకు ఎదురుగా పట్టాదారు పేరు ఉందా, పోరంబోకు అని ఉందా చూడండి. ఆ ఒక్క పదం మీ ఊరి పెద్దలు పదిమంది చెప్పే సాక్ష్యం కంటే బరువైనది.

పెద్దల మాట పనికిరాదని కాదు. దానికి తోడుగా కాగితం ఉండాలి. ఇలాంటి ఒక కేసులో ఒక క్లబ్ మినిట్స్ పుస్తకం నా చేతికొచ్చింది. అంచులు చెదలు తిన్నాయి. గోల్ పోస్టులకు సరుగుడు బాదులు కొన్న ఖర్చు, దాని కింద టోర్నమెంటుకు మున్సిపాలిటీ అనుమతి కోసం కట్టిన రుసుము. మా గ్రౌండులో మేం ఆడుకోవడానికి అనుమతేమిటని దాన్ని బయటపెట్టడానికి క్లబ్ వాళ్ళు ఇష్టపడలేదు. నిజానికి ఆ పద్దే అన్నిటికన్నా మంచి సాక్ష్యం. ఆ స్థలం మీద ఆనాడు అజమాయిషీ ఎవరిదో అది చెబుతుంది. మీరూ పాత కరపత్రాలు, ఫొటోలు, సంవత్సరం చెక్కిన షీల్డులు వెతకండి. 30 ఏళ్ళు దాటిన కాగితం ఉండాల్సిన చోట భద్రంగా ఉంటే, దానిమీది సంతకం, చేతిరాత నిజమైనవేనని భారతీయ సాక్ష్య అధినియమం 92వ సెక్షన్ కింద కోర్టు భావించవచ్చు.

స్తంభాలను మాత్రం పీకకండి. అదే ఆయనకు మీమీద క్రిమినల్ కేసు పెట్టే అవకాశం. తేదీతో ఫొటోలు తీసి కలెక్టరుకు, తహసీల్దారుకు, మున్సిపల్ కమిషనరుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. రికార్డులో ప్రభుత్వ భూమి అని ఉంటే, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) చేర్చమని అదే అర్జీలో అడగండి. మళ్ళీ చేతులు మారకుండా ఉంటుంది. ఆయన ముందుగా వెళ్ళి మీకు తెలియకుండా ఇంజంక్షన్ (కోర్టు నిషేధాజ్ఞ) తెచ్చుకోకుండా కోర్టులో కేవియట్, అంటే మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దనే దరఖాస్తు వేయండి. అది 90 రోజులు పనిచేస్తుంది.

అధికారులు కదలకపోతే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ కింద కోర్టు అనుమతితో ఇద్దరు కలిసి దావా వేయవచ్చు, హైకోర్టులో రిట్ కూడా వేయవచ్చు. జగ్‌పాల్ సింగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. బెంగుళూరులో పార్కు స్థలాన్ని ఆసుపత్రికి కేటాయిస్తే అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. వాళ్ళకు అడిగే హక్కుందని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. రేపు మున్సిపాలిటీయే అక్కడ షాపులు కడతానన్నా ఈ తీర్పు మీకు పనికొస్తుంది.

ఆలస్యం చేయకండి. ఆక్రమణదారు మీద దావా వేయడానికి ప్రభుత్వానికి 30 ఏళ్ళ గడువుంది. భూమి మున్సిపాలిటీ పేరున ఉంటే ఆ వెసులుబాటు అన్నిసార్లూ దొరకదు, 12 ఏళ్ళ లెక్కే వర్తించవచ్చు. నకలు రాగానే, సర్వే స్కెచ్‌తో కలిపి మీ ఊరి సివిల్ లాయరుకు చూపించండి.